ముళ్లమొక్కల గ్రీన్‌హౌస్‌ను చూసుకోవడం ఉద్యోగమవుతుందా?

ప్రశ్న: మాది తాడిపత్రి. నేను ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయుడిని. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం చదువుతూ, మిద్దె మీద కాక్టస్, సక్యులెంట్ (కాండంలోనో ఆకుల్లోనో నీరు దాచుకునే) మొక్కలను పదుల కొద్దీ కుండీల్లో పెంచుతోంది. ప్రజల సందర్శన కోసం పెట్టిన ఇలాంటి మొక్కల గ్రీన్‌హౌస్‌ను సంరక్షించే ఉద్యోగమే చేస్తానంటోంది. మేము నీట్ రాయమంటున్నాం. తోటమాలి పనికి డిగ్రీ ఎందుకని బంధువులు అడుగుతున్నారు. ఈ దారిలో భవిష్యత్తు ఉందా?

జవాబు: మాస్టారూ, ముందుగా ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ‘కాక్టస్ సంరక్షకులు కావలెను’ అని ప్రకటన వస్తుందని ఎదురుచూస్తే మీ అమ్మాయికి నిరాశే మిగులుతుంది. వృక్షోద్యానాల్లో ఈ పని ఉద్యాన అధికారి, క్యూరేటర్, గార్డెన్ సూపర్‌వైజర్ వంటి హోదాల కింద, ఇతర మొక్కల బాధ్యతలతో కలిసి ఉంటుంది. అందువల్ల ఉద్యాన శాస్త్రంలోనో వృక్షశాస్త్రంలోనో గట్టి చదువుతో లోపలికి వెళ్లి, ఆ తరువాత ఈ విభాగాన్ని అడిగి తీసుకోవాలి. మీ బంధువులు చూస్తున్నది ఈ పనిలో చేతులతో చేసే సగం మాత్రమే. రిజిస్టరుతో చేసే సగం వారికి కనిపించడం లేదు.

చేతుల పని కూడా తేలికైనదేమీ కాదు. ఈ మొక్కల్లో ఎక్కువ భాగం పగటి ఎండలో పత్రరంధ్రాలను మూసుకొని, రాత్రి చల్లబడ్డాక తెరిచి గాలిలోని కార్బన్ డయాక్సైడును తీసుకుంటాయి. ఈ ఏర్పాటు వల్ల నీటి ఖర్చు బాగా తగ్గుతుంది. కానీ వేళ్ల దగ్గర తడి రోజుల తరబడి నిలిచిందంటే కుళ్లు మొదలవుతుంది. కాండం పైకి మెత్తబడి కనిపించేసరికి లోపల పని అయిపోయి ఉంటుంది. లండన్‌లోని క్యూ గార్డెన్స్‌లో 1987లో ప్రారంభమైన ప్రిన్సెస్ ఆఫ్ వేల్స్ కన్సర్వేటరీ అనే అద్దాల గ్రీన్‌హౌస్ ఒకే కప్పు కింద పది రకాల వాతావరణాలను నిలుపుతుంది, అక్కడి చలికి ఎడారి మొక్కలను కాపాడాలంటే వెచ్చదనం అందించక తప్పదు. మన అనంతపురంలో కప్పు చేయవలసిన పని వేరు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే కురిసే మన వానలో పెద్ద భాగం సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వస్తుంది. ఆ ముసురును ఆపడానికి పైన పాలిథీన్ షీటు, మే నెల ఎండకు కాండం మాడిపోకుండా షేడ్‌నెట్, గాలి ఆడటానికి తెరిచి ఉంచిన పక్కలు, ఈ మూడూ ఉంటే ఇక్కడ చాలా జాతులు హాయిగా బతుకుతాయి. మన బోరు నీళ్లలోని ఉప్పు, సున్నం మాత్రం కుండీ మట్టిలో పేరుకుపోయి వేళ్లను ఇబ్బంది పెడతాయి కనుక, వాన నీటిని పట్టి నిల్వ చేసుకునే తొట్టి లేకుండా ఇలాంటి గ్రీన్‌హౌస్ కట్టడం తెలివైన పని కాదని నా అభిప్రాయం.

పురుగుల్లో పిండినల్లి, ఎర్రనల్లి ముఖ్యమైనవి. పిండినల్లిలో వేళ్లను పట్టే రకం కుండీ మార్చినప్పుడు తప్ప కంటికి కనిపించదు. కొత్తగా వచ్చిన ప్రతి మొక్కనూ కొన్ని వారాలు విడిగా ఉంచాలనే నియమం అందుకే పుట్టింది. ఈ సందర్భంగా మరో సంగతి. మన బీళ్లను ఒకప్పుడు ఆక్రమించిన నాగజెముడును దక్షిణ భారతంలో అదుపు చేసింది కూడా పిండినల్లికి దగ్గరి బంధువైన ఒక కోచినీల్ పురుగే. 1926లో దాన్ని శ్రీలంక నుంచి ఇక్కడికి తెచ్చారు. పొలంలో మేలు చేసిన ఆ పురుగే గ్రీన్‌హౌస్‌లోకి వస్తే అక్కడి నాగజెముడు జాతుల పాలిట శత్రువవుతుంది.

ఇక రిజిస్టరు సంగతి. ప్రజల కోసం నిర్వహించే సేకరణను ఇంటి మిద్దె మీది కుండీల నుంచి వేరు చేసేది ఇదే. ప్రతి మొక్కకూ వచ్చిన సంవత్సరంతో కూడిన ఒక ప్రవేశ సంఖ్య ఉంటుంది. అది ఎక్కడి నుంచి వచ్చింది, విత్తనమా అంటు మొక్కా, అడవిలో ఏ ప్రాంతానికి చెందింది, ఎప్పుడు పూసింది, ఎప్పుడు ఎలా చనిపోయింది అన్న వివరాలన్నీ ఆ సంఖ్య కిందే రాస్తారు. లేబుల్ పోయిన మొక్క అందంగానే ఉంటుంది గానీ పరిశోధనకు పనికిరాదు. దీనికి చట్టపరమైన కారణమూ ఉంది. కొన్ని మినహాయింపులు తప్ప కాక్టస్ కుటుంబమంతా అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం పరిధిలోకి వస్తుంది. మన వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ ఆ ఒప్పందంలోని జాబితాలను మన చట్టంలోకి తెచ్చింది. కాబట్టి విదేశీ మొక్క ఎలా వచ్చిందో చూపే కాగితం దాచడం కూడా సంరక్షకుల బాధ్యతే. నర్సరీల్లో విరివిగా దొరికే బంగారు రంగు ముళ్ల గుండ్రటి కాక్టస్ మెక్సికోలోని తన సొంత నేల మీద అంతరించే ప్రమాదంలో ఉంది. 2015లో వెలువడిన ఒక అంతర్జాతీయ అంచనా కాక్టస్ జాతుల్లో 31 శాతం ముప్పులో ఉన్నాయని తేల్చింది. ఏ మొక్క ఎక్కడిదో తెలిసిన సేకరణలకు విలువ పెరుగుతున్నది ఇందువల్లనే.

సందర్శకుల విషయం మీ అమ్మాయికి ఇంకా అనుభవంలోకి రాలేదనుకుంటాను. కలబంద మట్టల మీద, నాగజెముడు మట్టల మీద పేర్లు చెక్కేవారు ఉంటారు, ఆ మచ్చ మట్ట ఉన్నంతకాలం పోదు. చిన్న మొక్కలు జేబుల్లో వెళ్లిపోతాయి. కాక్టస్ అయిన నాగజెముడు కాక, గిల్లితే పాలు కారే కాడజెముడు వంటి జెముడు జాతులు వేరు; వాటి పాలు కంట్లో పడితే తీవ్రమైన మంట, చూపుకు ప్రమాదం కలుగుతాయి కనుక వాటిని పిల్లల చేతికి అందని చోట పెట్టాలి. తెలుగులో రాసిన మంచి బోర్డు ఇక్కడ కంచె కంటే ఎక్కువ పని చేస్తుంది. మొక్కలతో ఒంటరిగా ఉండటమే ఇష్టమనే పిల్లలకు ఈ ఉద్యోగంలో సగం రోజు కష్టంగా గడుస్తుందని ముందే తెలియాలి.

చదువు విషయానికొస్తే, నా మొదటి ఓటు నాలుగేళ్ల బీఎస్సీ ఆనర్స్ హార్టికల్చర్‌కు. ఏపీ ఈఏపీసెట్‌లో బైపీసీ విద్యార్థుల విభాగం ర్యాంకు ఆధారంగా డాక్టర్ వైఎస్సార్ ఉద్యాన విశ్వవిద్యాలయం ఈ సీట్లు ఇస్తుంది. రైల్వే కోడూరు దగ్గరి అనంతరాజుపేట కళాశాల మీకు మరీ దూరం కాదు. సొంత పొలం ఉంటే రైతు కోటా షరతులను నోటిఫికేషన్‌లో శ్రద్ధగా చదవండి. పీజీలో పుష్పసాగు, ల్యాండ్‌స్కేపింగ్ విభాగం తీసుకుంటే ఆమె కోరుకున్న దిశకు దగ్గరవుతుంది. సీటు రాకపోతే వృక్షశాస్త్రంతో డిగ్రీ చేసి, ఎమ్మెస్సీలో మొక్కల వర్గీకరణ మీద పట్టు సాధించడం రెండో దారి. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్ర శాఖ, హెర్బేరియం (ఎండబెట్టిన మొక్కల నమూనాలు భద్రపరిచే చోటు) ఉన్నాయి, కడపలోని యోగి వేమన విశ్వవిద్యాలయంలో వృక్షోద్యానం ఉంది. 1890లో ఏర్పడిన భారతీయ వృక్ష సర్వేక్షణ సంస్థలో ఉద్యోగాలకు ఈ రెండో దారే సరిపోతుంది. హౌరాలోని 1787 నాటి వృక్షోద్యానం కూడా ఆ సంస్థ ఆధ్వర్యంలోనే నడుస్తోంది.

ఖాళీలు తక్కువే, ఆ మాట దాచను. ఇలాంటి సేకరణలకు పేరున్న చోట్లు హర్యానాలోని పంచకులలో 1987లో మొదలైన జాతీయ కాక్టస్, సక్యులెంట్ ఉద్యానం, భువనేశ్వర్‌లోని ప్రాంతీయ వృక్ష వనరుల కేంద్రం వంటివి కొన్నే. అయితే హార్టికల్చర్ పట్టా చేతిలో ఉంటే రాష్ట్ర ఉద్యాన శాఖ కొలువులు, నర్సరీ రంగం, పట్టణ పార్కుల నిర్వహణ వంటి దారులు తెరిచే ఉంటాయి. మన జిల్లా రైతులు వేస్తున్న డ్రాగన్ ఫ్రూట్ కూడా కాక్టస్ జాతే కనుక ఆమె చేతిలోని నైపుణ్యం నేరుగా పొలానికి పనికొస్తుంది. నీట్ విషయంలో ఒక్కటే మాట: బైపీసీ సిలబస్ ఎలాగూ ఉమ్మడిదే, రాస్తే నష్టం లేదు, కానీ నీట్ కోసం ఈఏపీసెట్ మానిపించవద్దు.

మరొక సలహా మీ అమ్మాయికి నేరుగా చెబుతున్నాను. అమ్మా, మెక్సికో మొక్కల మీది మక్కువతో మన కొండల మీదివి మరచిపోవద్దు. కాడజెముడు, ఆకుజెముడు, నల్లేరు, కరువు రోజుల్లో మనవాళ్లు తిన్న కుందేటి కొమ్ములు, ఇవన్నీ నీరు దాచుకునే మొక్కలే. కాక్టస్‌కు ముళ్లు పుట్టే చోట నూగు మెత్త ఉంటుందని, జెముడుకు అది లేక గిల్లితే పాలు కారుతాయని నీకు తెలిసే ఉంటుంది. ఈ తేడాలను మన ఊరి సందర్శకులకు మన మొక్కలతోనే చూపగలిగిన వారు ఏ ఉద్యానంలోనైనా ప్రత్యేకంగా నిలుస్తారు.

మాస్టారూ, ఈ వారం నుంచే మిద్దె మీది కుండీలన్నిటికీ సంఖ్యలు వేయించి, తెచ్చిన చోటు, నీళ్లు పోసిన తేదీ, కుండీ మార్చిన తేదీ, పూత, చావు అన్నీ ఒక పుస్తకంలో రాయించండి. చనిపోయిన మొక్కల పేజీలను చింపనివ్వకండి. పరీక్షలయ్యాక వేసవిలో కొన్ని వారాలు పని నేర్చుకోవడానికి అనుమతి కోరుతూ వృక్షోద్యానాలకు ఉత్తరాలు రాసేటప్పుడు, మార్కుల జాబితాతో పాటు ఆ పుస్తకంలోని రెండు పేజీల నకలు జతచేయించండి. అందులో ఒకటి చనిపోయిన మొక్కల పేజీ అయితే ఇంకా మంచిది.