పొరుగు దేశాల చట్టాలను పోల్చబోయే ముందు

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

నీ పరిశోధన చిత్తుప్రతి చదివాను. ఆంగ్లేయులకు అనుభవం మీద, ఫ్రెంచివారికి తర్కం మీద నమ్మకం కాబట్టే చట్టాలు వేరయ్యాయన్న పేరాను నిర్మొహమాటంగా కొట్టేశాను. నెపం జాతి స్వభావం మీదికి నెట్టేస్తే చరిత్ర వెతికే శ్రమ తప్పుతుంది, అంతే. ఏ రెండు దేశాలను తీసుకున్నా ముందు ఇది అడుగు: అక్కడి న్యాయవాదులు ఎక్కడ చదువుకున్నారు?

ఇంగ్లండులో రాజు రెండవ హెన్రీ 12వ శతాబ్దంలోనే తన న్యాయమూర్తులను దేశమంతా తిప్పాడు. ఇటలీలోని బొలోన్యాలో మొదలైన రోమన్ న్యాయ విద్య యూరప్ కోర్టులకు పాకేనాటికి ఇంగ్లండులో రాజు కోర్టులు వేళ్లూనుకున్నాయి. వకీళ్లు లండన్‌లో ఇన్స్ ఆఫ్ కోర్ట్ అనే తమ వృత్తి సంఘాల్లోనే వృత్తి నేర్చుకునేవారు. పక్కనున్న స్కాట్లండు కుర్రాళ్లేమో ఓడెక్కి డచ్ విశ్వవిద్యాలయాలైన లైడెన్, ఉట్రెక్ట్ వెళ్లి రోమన్ న్యాయం చదివి వచ్చేవారు. 1707లో రెండు దేశాల పార్లమెంటులు ఒక్కటైనా, విలీన ఒప్పందంలోని 19వ అధికరణం ఎడిన్‌బరోలోని స్కాట్లండు కోర్టును కాపాడింది.

ఫలితం ఈనాటికీ ఉంది. ఒకరు ఊరికే "నీకింత సొమ్ము ఇస్తాను" అని రాసి సంతకం చేశారనుకో. స్కాట్లండులో ఆ మాటకు కట్టుబడాల్సిందే. ఇంగ్లండులో మాత్రం ప్రతిఫలం ఏదని అడుగుతారు. అది లేకపోతే డీడ్, అంటే సాక్షి సంతకంతో లాంఛనంగా రాసిన పత్రం, ఉండాలి. ఇలాంటి చిన్న నియమాన్ని పట్టుకుని వెనక్కి తవ్వుకుంటూ వెళ్లు.

ఆ తర్వాత, కొత్తగా వచ్చిన పాలకుడు పాత చట్టాన్ని ఏం చేశాడో చూడు. చాలాసార్లు దాని జోలికే పోడు. అది ఔదార్యమని మురిసిపోకు. ఆస్తి హక్కులను కదిలిస్తే పాలన సాగదు. డచ్చివారి నుంచి శ్రీలంక తీరాన్ని తీసుకున్న బ్రిటిషువారు 1799 ప్రకటనతో అక్కడి రోమన్-డచ్ చట్టాన్నే, అంటే డచ్చివారు రోమన్ న్యాయంతో కలిపి వాడిన చట్టాన్నే, కొనసాగించారు. అదే పాలకులు భారత్‌లో 1872 కాంట్రాక్టు చట్టాన్ని ఆంగ్ల సూత్రాలతో రాశారు. చిత్రమేమిటంటే, నెదర్లాండ్స్ 1809లో కోడ్ (చట్టాలన్నిటినీ ఒకచోట కూర్చిన సంహిత) తెచ్చుకుని వదిలేసిన రోమన్-డచ్ న్యాయం శ్రీలంకలో ఇంకా బతికే ఉంది.

న్యాయ పద్ధతిని బట్టి దేశానికొక రంగు పూసిన పటాలను నమ్మకు. కెనడాలోని క్వెబెక్‌లో 1774 బ్రిటిష్ చట్టం పౌర వ్యవహారాలకు ఫ్రెంచి న్యాయాన్ని తిరిగి తెచ్చింది, నేరాలకు ఆంగ్ల చట్టాన్నే ఉంచింది. మరి ఏ రంగు వేస్తావు?

కామెరూన్‌ను చివర్లో ఇరికించావెందుకు? మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ జర్మన్ వలస రాజ్యాన్ని ఫ్రాన్సు, బ్రిటన్ పంచుకున్నాయి. బ్రిటిష్ వాటాలోని దక్షిణ భాగం 1961లో ఫ్రెంచి భాగంతో కలిసింది. ఫ్రెంచి పద్ధతిలో శిక్షణ పొందిన జడ్జీలను తమ కోర్టుల్లో నియమించడంపై 2016లో అక్కడి ఇంగ్లీషు ప్రాంత న్యాయవాదులు వీధికెక్కారు. ఆ అధ్యాయం కోసం కామెరూన్ రాజధాని యావుండేలో జడ్జీలకు ఏం నేర్పుతారో ముందు సంపాదించు, తీర్పులు తర్వాత చదవవచ్చు.