తోట కోసం కొన్న చైనా ఏటీవీని రోడ్డెక్కించవచ్చునా?

ప్రశ్న: మాది పులివెందుల దగ్గర పల్లె. చీనీ తోటకు ఎరువుల సంచులు, మందు డ్రమ్ములు చేర్చుకోవడానికి చైనాలో తయారైన నాలుగు చక్రాల చిన్న ఏటీవీని (ఎగుడుదిగుడు నేల మీద నడిచే బండి; పెట్రోలు, 125 సీసీ) చెన్నైలో ఒక వ్యాపారి దగ్గర లక్షా అరవై వేలకు కొన్నాను. చిన్న బండి కాబట్టి రిజిస్ట్రేషన్ అక్కర లేదన్నాడు. ఊరి నుంచి తోటకు రెండు కిలోమీటర్ల తారురోడ్డు ఉంది, అక్కడ పోలీసులు ఆపారు. రవాణా కార్యాలయంలో కుదరదన్నారు. అద్దాలు, ఇండికేటర్లు బిగించి 25 వేలిస్తే నంబరు తెప్పిస్తానని ఒక ఏజెంటు అంటున్నాడు. బండిని ఎక్కువగా మా పదహారేళ్ల అబ్బాయి నడుపుతాడు. ఏం చేయమంటారు?

జవాబు: ముందుగా, ఆ ఏజెంటుకు ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. కారణం వివరంగా చెబుతాను.

చిన్న బండికి రిజిస్ట్రేషన్ అక్కర లేదన్న మాటకు కొంత ఆధారం లేకపోలేదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 2(28) సెక్షన్, నాలుగు కంటే తక్కువ చక్రాలుండి ఇంజను 25 సీసీకి మించని బండ్లను మోటారు వాహనాల లెక్కలోకి తీసుకోలేదు. బ్యాటరీ బండ్లలో కూడా మోటారు శక్తి 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉన్నవాటికి, గుర్తింపు పొందిన పరీక్షా సంస్థ ధ్రువీకరిస్తే, అటువంటి మినహాయింపు ఉంది. మీ బండికి చక్రాలు నాలుగు, ఇంజను 125 సీసీ కనుక ఈ రెండూ మీకు వర్తించవు. చూడటానికి ఎంత చిన్నదైనా రోడ్డు మీద అది మోటారు వాహనమే, 39వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి.

ఇక నంబరు ఎందుకు రాదన్నది అసలు విషయం. మన దేశంలో రోడ్డు మీద తిరిగే ఏ మోడల్ అయినా కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 126వ నియమం కింద పుణెలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ వంటి వాహన పరీక్షా సంస్థల పరీక్షలో నెగ్గి ఆమోద పత్రం పొంది ఉండాలి. బ్రేకులు, దీపాలు, పొగ, శబ్దం అన్నీ అక్కడే తేలతాయి. ఆ పత్రం తెచ్చుకోవలసిన బాధ్యత తయారీదారుది లేదా దిగుమతిదారుది, కొనుక్కున్న రైతుది కాదు. 47వ నియమం ప్రకారం దరఖాస్తుతో పాటు అమ్మకపు ధ్రువపత్రం, రోడ్డు యోగ్యతా ధ్రువపత్రం, బీమా, దిగుమతి బండికైతే కస్టమ్స్ క్లియరెన్సు పత్రం జత చేయాలి. కస్టమ్స్ సుంకం కట్టిన రసీదు సరుకు సక్రమంగా దేశంలోకి వచ్చిందని మాత్రమే చెబుతుంది. అది రోడ్డుకు పనికివస్తుందని చెప్పదు. చాలామంది ఇక్కడే పొరబడుతున్నారు. మూల ఆమోదమే లేని బండికి మీరు ఎన్ని అద్దాలు, హారన్లు బిగించినా బ్రేక్ ఇన్‌స్పెక్టరు చేయగలిగింది ఏమీ ఉండదు. ఏజెంటు తెచ్చే నంబరు వేరే బండిదో, దొంగ కాగితాలదో అయ్యే అవకాశమే ఎక్కువ. అప్పుడు జరిమానాతో పోయే విషయం ఫోర్జరీ కేసు అవుతుంది.

అయినా ఒక పని చేయండి. అమ్మినవాణ్ణి, ఆ మోడల్‌కు 126వ నియమం కింద ఆమోద పత్రం ఉందా అని లిఖితపూర్వకంగా అడగండి. ఉంటే దారి సులువు. లేకపోతే ఆ జవాబే, జవాబు రాకపోతే ఆ మౌనమే, మీకు సాక్ష్యంగా పనికివస్తుంది. రవాణా కార్యాలయంలో కూడా నోటిమాటతో తిరిగిరాకుండా దరఖాస్తు ఇవ్వండి. తిరస్కరిస్తే 45వ సెక్షన్ ప్రకారం కారణాలు చూపిన ఉత్తర్వు ప్రతి ఇవ్వవలసిందే. ఆ ఉత్తర్వుతో కడపలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. కొన్నది చెన్నైలో అయినా మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేసే హక్కును 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఇచ్చింది. వస్తువు ధర 5 లక్షల లోపు కనుక ఫీజు లేదు, ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. తోట పనికి కొన్నారు కాబట్టి మీరు వినియోగదారుడు కారని వ్యాపారి వాదించవచ్చు. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం కొన్నవాడు వినియోగదారుడేనని అదే చట్టం చెబుతోంది.

అంతవరకూ బండిని తోట కంచె లోపలే వాడుకోండి. 2025 ఆగస్టులో విశాఖ ఉక్కు కర్మాగారానికి సంబంధించిన కేసులో, ప్రజలకు ప్రవేశం లేని ఆవరణలోనే తిరిగిన బండ్ల మీద మోటారు వాహన పన్ను వేయరాదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కానీ ఆ రక్షణ గేటు దాకానే. తారురోడ్డే కాదు, నలుగురూ నడిచే పొలం రస్తా కూడా చట్టం దృష్టిలో బహిరంగ స్థలమే. రిజిస్ట్రేషన్ లేకుండా రోడ్డెక్కితే 192వ సెక్షన్ కింద మొదటిసారి 2 వేల నుంచి 5 వేల రూపాయల వరకు జరిమానా పడుతుంది. తోటకు చేర్చాలంటే ట్రాక్టరు ట్రాలీలో ఎక్కించి తీసుకుపొండి.

నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది మీ అబ్బాయి విషయం. మైనరు రోడ్డు మీద బండి నడిపి చట్టం ఉల్లంఘిస్తే 199ఏ సెక్షన్ కింద తండ్రికి మూడేళ్ల వరకు జైలు, 25 వేల జరిమానా పడవచ్చు. దానికి మించి, బీమా లేని ఆ బండి దారిన పోయే మనిషికి తగిలితే పరిహారం మొత్తం మీ మీదే పడుతుంది, తోట అమ్మినా తీరని మొత్తం కావచ్చు. ఈ రోజే బండి తాళం మీ దగ్గర పెట్టుకోండి.