లావణ్యంలో ఉప్పు

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిలు పట్టుకుని. నాట్లేసే ఆమెను మొదటి పేజీలో 'లావణ్యవతి' అన్నావు. అదే మాట మళ్ళీ వస్తే బాగుండదని టెన్షన్ పడ్డావేమో, ఆ తర్వాత వరసగా సౌకుమార్యం, సొగసు, నాజూకు, ఒయ్యారం దించేశావు. పక్కన నిఘంటువు తెరిచి పెట్టుకున్నావని తెలిసిపోతోంది. చూడు, తప్పులేదు. కానీ అందులో పక్కపక్కన కూర్చున్నంత మాత్రాన ఒకదాని పని ఇంకొకటి చేయదు.

లావణ్యం లవణంలోంచి పుట్టిన మాట. అంటే ఉప్పదనం. కూరలో ఉప్పు కంటికి కనపడదు, లేకపోతే మాత్రం ముద్ద దిగదు. కన్నూ ముక్కూ తీరుగా ఉంటే అందం అంటాం. ఆ తీరులోంచి తొణికేది లావణ్యం. పాతవాళ్ళు దాన్ని ముత్యం లోపల కదిలే కాంతితో పోల్చారు. ఊళ్ళో దీనికి దగ్గరి మాట 'కళ'. "నలుపైనా మొహంలో కళ ఉంది" అంటారు కదా. (ఆ 'అయినా' మీద నాకు చాలా కోపం ఉంది. దానికి ఇంకో ఉత్తరం కావాలి.)

ఒయ్యారం అలాంటిది కాదు. నడకలోనూ నిలబడే తీరులోనూ ఉంటుంది, చూసేవాళ్ళున్నారని దానికి తెలుసు. అందుకే ఆ మాటలో కాస్త వెటకారం కూడా కలిసింది. గట్ల మీద మొలిచి, తగిలితే ఒళ్ళంతా దురద పెట్టే పిచ్చిమొక్కకి మనవాళ్ళు పెట్టిన పేరు వయ్యారిభామ! పిక్కల దాకా బురదలో వంగి వెనక్కి వెనక్కి నడిచే మనిషికి ఒయ్యారం ఎక్కడిది?

సొగసు ఆడవాళ్ళ సొత్తేం కాదు. త్యాగరాజస్వామి మురిసిపోయింది రాముడి సొగసు చూసి. నాజూకు ఫారసీ మాట. అప్పు అడిగితే నాజూగ్గా తప్పుకునేవాళ్ళలోనూ అది ఉంది. ఇక 'ఆ భామిని మెత్తగా నవ్వింది' అని రాశావు. అమరకోశంలో భామిని అంటే కోపం గల స్త్రీ. తెలిసే రాశావా?

నవ్వుతున్నాననుకోకు. నా మొదటి కథలో మా మేనత్తని 'అబల' అని రాశాను. కవిత్వంలా ఉంటుందని. అత్తకి చదువు రాదు, నా చేతే చదివించుకుని వింది. "అబలంటే ఏందే?" అంది. బలం లేనిదని చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "అయితే రేపటి నుంచి బర్రె పాలు నువ్వు పితుకు" అంది. పితికాను కూడా, మూడు రోజులు. నాలుగో రోజుకి వేళ్ళు ముడుచుకోలేదు, కథలోంచి ఆ మాట తీసేశాను.

నీ కథలో మూడో పేజీ చివర ఆమె చీర ఎగ్గట్టి, చెదిరిన జుట్టు మోచేత్తో తోసుకుని, "నారు కట్ట ఇటు ఇసురు" అని అరుస్తుంది. అక్కడ నువ్వు విశేషణం పెట్టడం మర్చిపోయావు. ఆ వాక్యాన్ని ముట్టుకోకు. మిగతావి కొట్టేసి మళ్ళీ పంపు.

అక్క