నాలుగు చక్కెరల పట్టు

ప్రశ్న: క్లోమం క్యాన్సర్ లాంటివాటిలో చేయించే సీఏ 19-9 రక్తపరీక్షలో కొలిచేది క్యాన్సర్ కణాల మీది చక్కెర గొలుసునట. ఆ గొలుసుల వల్లే కణాలు వేరే అవయవాలకు అంటుకుంటాయా?

జవాబు: ఆ పరీక్ష పట్టుకునేది సయాలిల్ లూయిస్-ఎ అనే గొలుసు కొసను. అందులో ఉన్నవి నాలుగే చక్కెరలు. ఎన్-ఎసిటైల్ గ్లూకోజమైన్‌కు ఒక పక్క ఫ్యూకోజ్, ఇంకో పక్క గెలాక్టోజ్, ఆ గెలాక్టోజ్ చివర సయాలిక్ ఆమ్లం. చాలామంది దీన్ని క్యాన్సర్ కొత్తగా పుట్టించిందనుకుంటారు. పెద్దపేగు విషయంలో జరిగేది దాదాపు తిరగబడ్డ కథ. ఆరోగ్యంగా ఉన్న పేగు కణం ఇక్కడితో ఆగదు, గ్లూకోజమైన్‌కు రెండో సయాలిక్ ఆమ్లాన్ని కూడా తగిలిస్తుంది. క్యాన్సర్‌లో ఆ పనిచేసే ఎంజైమ్ జన్యువు అణిగిపోతుంది, గొలుసు సగంలో మిగులుతుంది. అంటుకునే గుణం ఈ సగం గొలుసుదే.

అంటుకునేది రక్తనాళం లోపలి పొర మీదుండే ఈ-సెలెక్టిన్ అనే ప్రోటీన్‌కు. ఐఎల్-1, టీఎన్ఎఫ్-ఆల్ఫా లాంటి వాపు సంకేతాలు అందిన కొన్ని గంటల్లో ఆ పొర దీన్ని పైకి తెస్తుంది. నిజానికి ఇది తెల్లరక్తకణాలను ఆపడానికి ఉన్న ఏర్పాటు. వాటి మీద ఉండేది సయాలిల్ లూయిస్-ఎక్స్: చక్కెరలు అవే నాలుగు, అతుకులే వేరు. క్యాన్సర్ కణం ఆ దారినే వాడుకుంటుంది.

అయితే ఈ పట్టు క్షణికం. రక్తప్రవాహంలో కణం పట్టుకుంటూ, వదులుతూ, గోడ మీద దొర్లుతుంది. గట్టిగా నిలవాలంటే ఇంటెగ్రిన్లు అనే వేరే అంటుకునే ప్రోటీన్లు అందుకోవాలి. అందుకే కదలని ద్రవంలో చేసిన ప్రయోగాన్ని మాత్రమే నమ్మడం పొరపాటు, ప్రవాహంలోనూ చూడాలి. సెలెక్టిన్ పట్టుకు కాల్షియం కావాలి. కాబట్టి పట్టు సెలెక్టిన్‌దేనా అన్న అనుమానం తీరాలంటే కాల్షియాన్ని బంధించే ఈడీటీఏ అనే రసాయనంతో దాన్ని తీసేయండి, విడిగా సయాలిడేజ్ అనే ఎంజైమ్‌తో సయాలిక్ ఆమ్లం కోసేయండి. రెండుసార్లూ పట్టు పోవాలి. ఈడీటీఏ ఒక్కటే చాలదు, అది ఇంటెగ్రిన్లనూ దెబ్బతీస్తుంది.

ప్రశ్న: పంచదార మానేస్తే ఈ గొలుసులు తగ్గుతాయా?

జవాబు: తగ్గవు. తినకపోయినా కాలేయం గ్లూకోజ్ తయారుచేస్తుంది, ఈ చక్కెరలను కణం అందులోంచే కట్టుకోగలదు. గొలుసు ఎలా ఉండాలో తేల్చేది ఎంజైములు.

ప్రశ్న: సీఏ 19-9 మామూలుగా వస్తే నిశ్చింతేనా?

జవాబు: కాదు. సాధారణంగా వాడే హద్దు మిల్లీలీటరుకు 37 యూనిట్లు. కానీ నూటికి సుమారు అయిదు నుంచి పదిమందిలో ఫ్యూకోజ్ తగిలించే ఎఫ్‌యూటీ3 ఎంజైమ్ పనిచేయదు, కాబట్టి క్లోమం క్యాన్సర్ ఉన్నా వాళ్లలో ఈ గొలుసు దాదాపు కనిపించదు. పైత్యరస నాళం మూసుకుపోతే మాత్రం క్యాన్సర్ లేకున్నా అంకె బాగా పెరగొచ్చు. కామెర్లు తగ్గాక మళ్లీ చేయించాలి, వీలైతే అదే ల్యాబ్‌లో, అదే పద్ధతిలో. కిట్ మారితే పాత అంకెతో పోల్చలేం.