హెచ్‌ఐవి మందులు వాడుతుండగా హెపటైటిస్ సి చికిత్స తీసుకోవచ్చా?

కొన్నేళ్లుగా హెచ్‌ఐవి మందులు వాడుతున్న మీకు ఇప్పుడు హెపటైటిస్ సి కూడా ఉన్నట్టు తేలిందని, రెండు చికిత్సలనూ కాలేయం తట్టుకోలేదేమోనన్న భయంతో ఏఆర్‌టీని (అంటే ఆ హెచ్‌ఐవి మందులను) కొన్నాళ్లు ఆపాలనుకుంటున్నామని రాశారు. దయచేసి ఆపకండి. నాకూ ఈ రెండు వైరస్‌లూ ఉండేవి. ఏఆర్‌టీ మానకుండానే హెపటైటిస్ సి చికిత్స పూర్తి చేసుకున్నాను, అది నయమైంది. పైగా హెచ్‌ఐవి అదుపులో లేనప్పుడు హెపటైటిస్ సి కాలేయాన్ని మరింత వేగంగా దెబ్బతీస్తుంది కాబట్టి, కాలేయం కోసం ఏఆర్‌టీ ఆపడం వల్ల కాలేయానికే నష్టం.

మీకు పాజిటివ్ వచ్చింది యాంటీబాడీ పరీక్షా, ఆర్‌ఎన్‌ఏ పరీక్షా అన్నది రాయలేదు. యాంటీబాడీ పరీక్ష వైరస్ ఎప్పుడో ఒకప్పుడు ఒంట్లోకి వచ్చిందని మాత్రమే చెబుతుంది. ఇప్పుడు ఉందో లేదో ఆర్‌ఎన్‌ఏ పరీక్షతోనే తెలుస్తుంది.

మీ భయానికి పాత రోజుల అనుభవాలు కొంత కారణమై ఉండవచ్చు. హెపటైటిస్ సికి ఇంటర్‌ఫెరాన్ అనే మందు ఇచ్చిన కాలంలో వారం వారం ఇంజెక్షన్లు, రోజూ రిబావిరిన్ మాత్రలు, తరచుగా 48 వారాలు. అంత బాధపడినా హెచ్‌ఐవి కూడా ఉన్నవారిలో సగం మందికైనా నయమయ్యేది కాదు. 2013 చివర సోఫోస్బువిర్ అనే హెపటైటిస్ సి మాత్ర, 2016లో సోఫోస్బువిర్-వెల్పటాస్విర్ కలిసిన మాత్ర అమెరికాలో ఆమోదం పొందిన తరువాత పరిస్థితి పూర్తిగా మారింది. ఇప్పుడు సాధారణంగా రోజుకొక మాత్ర చొప్పున 12 వారాలు వాడితే, హెచ్‌ఐవి ఉన్నా లేకున్నా దాదాపు 95 శాతం మందికి నయమవుతుంది. నాకు కొద్దిపాటి తలనొప్పి, నీరసం తప్ప ఇబ్బంది కలగలేదు.

అసలు జాగ్రత్త అవసరమైనది ఈ మందులకూ మీ ఏఆర్‌టీకీ పొసగుతుందో లేదో చూసుకోవడంలో. నేను ఎఫావిరెంజ్ ఉన్న హెచ్‌ఐవి మాత్ర వాడేవాణ్ణి. అది రక్తంలో వెల్పటాస్విర్ మోతాదును బాగా తగ్గిస్తుంది కనుక, డాక్టరు నన్ను ముందు డోలుటెగ్రావిర్ అనే మరో హెచ్‌ఐవి మందుకు మార్చి, హెచ్‌ఐవి వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ పరిమాణం) అదుపులోనే ఉందని చూసుకున్నాకే రెండో చికిత్స మొదలుపెట్టారు. ఆ మార్పు అనవసరమైన ఆలస్యమని అప్పట్లో విసుక్కున్నాను గానీ, అది లేకపోతే చికిత్సే విఫలమయ్యేదేమో. వెల్పటాస్విర్ వల్ల రక్తంలో టెనోఫోవిర్ అనే హెచ్‌ఐవి మందు స్థాయి పెరిగే అవకాశం ఉన్నందున మధ్యమధ్యలో మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష కూడా చేయించారు. గ్లెకాప్రెవిర్-పిబ్రెంటాస్విర్ అనే మరో హెపటైటిస్ సి మందు ఇస్తామంటే మాత్రం అటాజనావిర్, లోపినావిర్, డారునావిర్ వంటి హెచ్‌ఐవి మందులు వాడుతున్నవారు ఆ సంగతి తప్పక చెప్పాలి. ఏఆర్‌టీ ఒక్కటే కాదు, ఎసిడిటీకి వాడే ఒమెప్రజోల్, క్షయకు ఇచ్చే రిఫాంపిసిన్, గుండె లయకు ఇచ్చే అమియోడరోన్, ఆఖరికి మూలికల మందులు కూడా రాసి తీసుకువెళ్లండి.

మొదలుపెట్టేముందు హెపటైటిస్ బి పరీక్ష కూడా చేయించుకోవాలి. సి తగ్గుతున్నప్పుడు అణగి ఉన్న బి విజృంభించవచ్చు. హెచ్‌ఐవి మందులైన టెనోఫోవిర్, లామివుడిన్ బి మీద కూడా పనిచేస్తాయి కాబట్టి, బి ఉన్నవారికి ఏఆర్‌టీ మార్చేటప్పుడు టెనోఫోవిర్‌ను అనాలోచితంగా తీసేయకూడదు.

కాలేయం ఎంత గట్టిపడిందో ఫైబ్రోస్కాన్‌తోనో, రక్త పరీక్షల లెక్కతోనో ముందే తెలుసుకుంటారు. సిర్రోసిస్ (కాలేయం బాగా గట్టిపడి దెబ్బతిన్న స్థితి) ఉంటే వైరస్ పోయాక కూడా కాలేయ క్యాన్సర్ కోసం ఆరు నెలలకోసారి స్కానింగ్ కొనసాగించాలి. మందులు ముగిసిన 12 వారాల తరువాత చేసే ఆర్‌ఎన్‌ఏ పరీక్షలో వైరస్ కనిపించకపోతే నయమైనట్టే. అయితే మళ్లీ సోకే అవకాశం ఉంటుంది, ఒకసారి వచ్చి పోయినంత మాత్రాన రక్షణ ఏర్పడదు. ఆ ఆఖరి రిపోర్టును భద్రపరచుకోండి. యాంటీబాడీ పరీక్ష ఆ తరువాత కూడా పాజిటివ్‌గానే వస్తూ ఉంటుంది గనుక, కొత్త డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడల్లా ఆ రిపోర్టు చూపించవలసి వస్తుంది.