ఫైలు కళ్లముందే ఉన్నా లింకరుకు కనిపించదెందుకు?

ప్రశ్న: నేను డిప్లొమా చివరి సంవత్సరం విద్యార్థిని. బోరులో నీళ్లు అడుగంటినప్పుడు మోటారు ఉత్తగా తిరిగి కాలిపోకుండా ఆపే బోర్డును ఎస్‌టీఎం32ఎఫ్103 చిప్పుతో, ఎస్‌టీఎం32క్యూబ్‌ఐడీఈ అనే ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేరులో తయారు చేస్తున్నాను. ఎల్‌సీడీ కోసం ఒక సీ ఫైలును, దాని హెడర్‌ను (ఫంక్షన్ల పేర్లు ప్రకటించే ఫైలు) కొత్త ఫోల్డరులో చేర్చాను. బిల్డ్ చేస్తే ‘అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్ టు ఎల్‌సీడీ_ఇనిట్’ అని వస్తున్నది. ఐడీఈని రెండుసార్లు తీసివేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా పోలేదు. దోషం ఎక్కడున్నది?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: ఐడీఈలో దోషమేమీ లేదు, మూడోసారి ఇన్‌స్టాల్ చేయకండి. బిల్డ్ మీట నొక్కగానే కంపైలరు ఒక్కొక్క సీ ఫైలును విడివిడిగా ఆబ్జెక్ట్ ఫైలుగా మారుస్తుంది. ఆ తరువాత లింకరు వాటన్నిటినీ కలిపి, ఏ ఫంక్షను ఏ చిరునామాలో ఉండాలో నిర్ణయించి, చిప్పులోకి ఎక్కించే ఒకే ఫైలును తయారు చేస్తుంది. హెడర్‌లో ఫంక్షను పేరు కనిపిస్తే కంపైలరుకు అంతే చాలు, దాని అసలు కోడు మరెక్కడో ఉన్నదని నమ్మి ముందుకు పోతుంది. ఆ కోడును వెతికి పట్టుకోవలసినది లింకరు. మీకు వచ్చిన సందేశం లింకరుది.

ప్రాజెక్టులోని ‘డీబగ్’ ఫోల్డరును తెరిచి, మీ ఎల్‌సీడీ ఫైలు పేరుతో ‘.ఓ’ ఫైలు, అంటే ఆబ్జెక్ట్ ఫైలు, ఉన్నదో లేదో చూడండి. లేకపోతే ఆ ఫైలు అసలు కంపైలే కాలేదు. ఎడమవైపు పట్టీలో కనిపించినంత మాత్రాన ఫోల్డరు బిల్డ్‌లో భాగం కాదు. ప్రాజెక్టు ప్రాపర్టీస్‌లో ‘పాత్స్ అండ్ సింబల్స్’ కింద ‘సోర్స్ లొకేషన్’లో దానిని చేర్చాలి. మీరు ‘ఇంక్లూడ్స్’లో చేర్చి ఉంటారు, హెడర్ దొరికింది అందుకే, ఈ రెండూ వేర్వేరు. చేర్చేటప్పుడు పైన ‘ఆల్ కాన్ఫిగరేషన్స్’ ఎంచుకోకపోతే రిలీజ్ బిల్డ్‌లో (చివరగా వాడే బిల్డ్) ఇదే తప్పు మళ్లీ ఎదురవుతుంది. ‘.ఓ’ ఫైలు ఉన్నట్లయితే ఫంక్షను పేరులో పెద్దబడి, చిన్నబడి అక్షరాల తేడా వెతకండి.

మీరు అడగకపోయినా, మోటారు ప్రాణం దీనిమీద ఆధారపడి ఉన్నది కనుక ఒక మాట. డీబగ్ బిల్డ్‌లో మామూలుగా ఆప్టిమైజేషన్ (కోడు వేగంగా, చిన్నగా ఉండేలా కంపైలరు చేసే మార్పులు) ఉండదు, రిలీజ్ బిల్డ్‌లో ఉంటుంది. నీటి ప్రవాహపు పల్సులను ఇంటరప్ట్‌లో (మెయిన్ పనిని కాసేపు ఆపి నడిచే చిన్న కోడులో) లెక్కించే వేరియబుల్‌కు ముందు ‘వోలటైల్’ అని రాయకపోతే, మెయిన్ లూప్ దానిని మెమరీ నుంచి ప్రతిసారీ చదవనవసరం లేదని కంపైలరు భావించి, పాత విలువనే పట్టుకుని ఉండవచ్చు. అప్పుడు నీళ్లు ఆగిన సంగతి బోర్డుకు తెలియకపోవచ్చు. పొలానికి తీసుకుపోకముందే రిలీజ్ బిల్డ్‌ను చిప్పులోకి ఎక్కించి, సెన్సరు వైరు ఊడదీసి, మోటారు స్విచ్చు అయిన రిలే ఆఫ్ అవుతున్నదో లేదో బల్లమీదనే చూడండి.