ముందు ఆ గుండె చప్పుడు చూసి రా

తమ్ముడూ,

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. కడుపులో బిడ్డ గుండె లయని మందులు ఎలా మారుస్తాయో తెలుగులో రాసేవాళ్లు తక్కువ, నువ్వు రాశావని చాలా సంతోషం. కానీ మొదటి పేజీ అంతా నిర్వచనాలే, గుండె ఒక్కసారి కూడా కొట్టుకోలేదు.

అనపర్తి వైపు హేచరీలో తెలిసినవాళ్లుంటే వెళ్లి, నాలుగు రోజులు పొదిగిన గుడ్డుని చీకట్లో లైటు మీద పెట్టి చూపించమను. సాలీడు కాళ్లలా ఎర్రటి రక్తనాళాలు, నడుమ ఓ చుక్క, అదురుతూ ఉంటుంది. కోడిపిల్లకి రెండో రోజే మొదలయ్యే ఆ కొట్టుకోవడం మనిషి పిండానికి దాదాపు 22వ రోజున మొదలవుతుంది, అప్పటికి చాలామంది తల్లులకి తాము కడుపుతో ఉన్నామనే తెలీదు. అక్కణ్ణుంచి ఎత్తుకో.

'పొటాషియం ఛానల్' అని రాసి వదిలేశావేం? కాలవ లాకులు చూస్తూ పెరిగినవాడివి కదా. పై తలుపు తీస్తే నీళ్లు నిండుతాయి, కింది తలుపు తీసి దించితేగానీ పడవ ముందుకు పోదు. సోడియం, కాల్షియం లోపలికొస్తే గుండె కణం కదులుతుంది, పొటాషియం తన ఛానల్ అనే కింది తలుపు గుండా బయటికి పోతేనే తర్వాతి దెబ్బకి సిద్ధమవుతుంది. పెద్దవాళ్ల గుండెకి అలాంటి కింది తలుపులు చాలా రకాలున్నాయి, తొలి దశ పిండానికి భారమంతా దాదాపు ఒక్క రకం మీదే. ఫిట్స్‌కి వాడే ఫెనిటోయిన్ దాన్ని అడ్డుకోగలదు. ఎలుక పిండాల మీద ప్రయోగాల్లో గుండె నెమ్మదించింది, మోతాదు పెరిగితే లయ తప్పింది. దాన్ని మళ్లీ గాడిలో పెట్టే నరాలు అప్పటికింకా గుండెని చేరవు. ఈ మాట నీ వ్యాసంలో లేనే లేదు, నాకైతే అన్నిటికంటే ముఖ్యమైంది అదే.

'ఆ మాత్రలు మానేయండి' అన్న హెడ్డింగ్ మాత్రం తీసెయ్. చాలా ఏళ్ల కిందట నేనూ అలాగే భయపెడుతూ రాశాను. అది చదివి కోనసీమలో ఒకమ్మాయి ఎవరికీ చెప్పకుండా ఫిట్స్ మాత్రలు ఆపేసింది, ఐదో నెలలో కాలవగట్టు మీద పడిపోయింది. వాళ్లమ్మగారు నాకు ఉత్తరం రాశారు. తిట్టలేదు. "డాక్టరు గారిని అడగమని ఒక్క ముక్క రాయలేకపోయారా అమ్మా" అన్నారంతే. ఆ ఉత్తరం ఇప్పటికీ నా బల్ల సొరుగులోనే ఉంది. ఫిట్స్ వస్తే తల్లికీ బిడ్డకీ ప్రమాదమే, అందుకే మందు మార్చాలన్నా మోతాదు తగ్గించాలన్నా, వీలైతే బిడ్డ కావాలనుకున్నప్పుడే, డాక్టరుతో మాట్లాడాలి. ఇది ఎలుకల సంగతి చెప్పిన వెంటనే రావాలి, చివర్లో చిన్నక్షరాల్లో కాదు.

తిరగరాసి పంపు. మోతాదు అంకెలు రాసినచోటల్లా అది ఎలుకకి ఇచ్చిందో మనిషికి ఇచ్చేదో పక్కనే రాయి.

మీ అక్క